వంటకు పనికొచ్చే మడతచాకు: అట్టముక్క నుంచి సానరాయి దాకా

ఒక కార్తీక మాసంలో వనభోజనాలకు వెళ్తూ కత్తిపీట తేవడం అందరం మరిచిపోయాం. నా సంచిలో మడతచాకు ఉంది కాబట్టి కూరలు తరిగే పని నామీద పడింది. ఖరీదైన చాకే. మంచి ఉక్కు, గట్టి లాకు, చేతి వెంట్రుకలు గొరిగేంత పదును. క్యారెట్ మీద పెట్టి నొక్కాను. సగం దాకా దిగి ఆగిపోయింది. ఇంకాస్త బలం పెడితే టప్పుమని క్యారెట్ నిలువునా చీలి, ఒక ముక్క ఎగిరి చాపకు అవతల పడింది. ఉల్లిపాయల దగ్గర ఇంకో తంటా. వాదర, అంటే పదునుండే అంచు, కూరలు తరిగే పలకను తాకేలోపే నా వేళ్ల కణుపులు పలకకు కొట్టుకున్నాయి. ఇంటికొచ్చిన మూడో రోజు సంచి తెరిస్తే గుప్పున వాసన. కీలు సందులో ఉల్లిపొర ఒకటి ఇరుక్కుని కుళ్లింది.

మందం, వేళ్లకు చోటు, కడగడానికి వీలు. జేబుచాకులు చేసేవాళ్లు ఈ మూడింటినీ చివర చూస్తారు, లేదా అసలు చూడరు. వాళ్ల శ్రద్ధంతా లాకు మీద, ఒంటిచేత్తో తెరుచుకునే హంగుల మీద ఉంటుంది. వంటకు పనికొచ్చే చాకు గీసేటప్పుడు ఈ వరుసను తిరగేయాలి. ముందు వాదర, తర్వాత వేళ్లు, ఆ తర్వాత నీళ్లు. లాకు గురించి ఆఖరున ఆలోచించినా నష్టం లేదు.

కింద చెప్పిన కొలతలు నా చేతికి కుదిరినవి. మీ చేతిని బట్టి మార్చుకోండి, వరుస మాత్రం మార్చకండి.

ఏం తరుగుతారు, ఏం తరగరు

కాగితం తీసుకుని రెండు జాబితాలు రాయండి. నా మొదటి జాబితా ఇది: ఉల్లి, టమాటా, వంకాయ, బెండకాయ, బీన్స్, పచ్చిమిర్చి, కొత్తిమీర, మామిడికాయ, నిమ్మకాయ, ఎముక లేని మాంసం. రెండో జాబితాలో కొబ్బరి చిప్ప, కంద, పనసకాయ, ఎముకలు, గడ్డకట్టిన మాంసం. రెండో జాబితాలోవి ఈ చాకుతో ఎప్పుడూ కోయనని ముందే ఒప్పుకోవాలి. ఆ ఒప్పందం కుదిరితేనే రేకును, అంటే చాకులో కోసే భాగాన్ని, పలుచగా చేసే ధైర్యం వస్తుంది. అన్నీ కోయాలనుకుంటే మళ్లీ క్యారెట్‌ను చీల్చే చాకే తయారవుతుంది.

మన కత్తిపీటతో పోల్చి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. కత్తిపీటలో కత్తి కదలదు, కూరగాయే కదులుతుంది. పిడి అనేదే లేదు కాబట్టి పిడి కింద వేళ్లు నలిగే సమస్య మన నాయనమ్మలకు తెలియదు. పలక మీద పెట్టి తరిగే కత్తికి మారినప్పుడు ఆ సమస్య మొదలైంది. వంటింటి కత్తి చేసేవాళ్లు రేకును వెడల్పు చేసి, పిడి కన్నా కిందికి దించి దాన్ని తీర్చారు. మడతచాకుకు ఆ సౌకర్యం లేదు, ఎందుకంటే ఎంత వెడల్పు రేకైనా చివరికి పిడిలోకి దూరాలి. మడతచాకు డిజైన్‌లో అసలైన చిక్కుముడి ఇదే.

గీయడం మొదలుపెట్టేముందు రెండు పాత చాకులను వీలైతే చేత్తో పట్టి చూడండి. ఒకటి ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన చాకు. చెక్క పిడి, పలుచని రేకు, ఒక చీల, అంతే. తిప్పితే బిగుసుకునే ఉంగరం లాకును 1955లో చేర్చారు. దాని 8వ నంబరు చాకు రేకు పొడవు 8.5 సెం.మీ. పండ్లు, జున్ను, కూరగాయలు కోయడంలో దానికన్నా అనేక రెట్లు ఖరీదైన చాకులు దాని ముందు వెలవెలబోతాయి. లోపమల్లా చెక్క తడిస్తే ఉబ్బి రేకును పట్టేయడం. రెండోది జపాన్‌లోని మికి పట్టణంలో చేసే హిగోనొకామి. మడిచిన రేకు పిడి, రేకు వెనక చిన్న తోక, లాకే లేదు. తోక మీద బొటనవేలు నొక్కిపెడితే చాకు తెరిచి ఉంటుంది. మనం గీయబోయేది ఈ రెండో చాకుకు దగ్గరి చుట్టం.

చేతి కొలత

చీపురు కర్రలాంటి గుండ్రని కర్ర వద్దు. 14 మి.మీ. మందం, 28 మి.మీ. ఎత్తు, 120 మి.మీ. పొడవున్న చెక్క బద్దను వడ్రంగి దగ్గర చేయించుకోండి. దాన్ని కత్తి పిడిలా పట్టుకుని, బద్ద కింది అంచు నుంచి మీ వేళ్ల కణుపులు ఎంత కిందికి వచ్చాయో స్కేలుతో కొలవండి. నా చేతికి 17 మి.మీ. వచ్చింది. వాదర పలక మీద ఆనినప్పుడు పిడి కింద అంత చోటు ఉండాలన్నమాట.

తరిగేటప్పుడు పిడిని పిడికిలితో కాకుండా, రేకు మొదలును బొటనవేలు, చూపుడువేళ్ల మధ్య పట్టి, మిగిలిన మూడు వేళ్లను పిడి చుట్టూ చుట్టడం మేలు. రేకు మీద అదుపు బాగుంటుంది. పైగా చూపుడువేలు పిడి కింద ఉండదు కాబట్టి చోటు కావలసింది మూడు వేళ్లకే. ఇలా పట్టుకోవాలంటే రేకు మొదట్లో బుడిపెలు, గోరు పెట్టే గాడులు, పొడుచుకొచ్చే స్క్రూలు ఉండకూడదు. జేబుచాకుల్లో రేకుకు బిగించే బొటనవేలి బుడిపెను నేను మొదటే కొట్టేశాను. అది సరిగ్గా వేళ్లు పట్టే చోటే ఉంటుంది, దాని చుట్టూ టమాటా గుజ్జు పేరుకుంటుంది.

అట్టముక్క, బోర్డు పిన్ను

కంప్యూటర్‌లో గీయడం వచ్చినా మొదటి నమూనా అట్టతోనే చేయండి. చెప్పుల డబ్బా అట్ట చాలు. పిడి ఒక ముక్క, రేకు ఒక ముక్క, రెండింటినీ కలిపే బోర్డు పిన్నే కీలు.

ఇక్కడ ఒక సూత్రం పట్టుకుంటే సగం డిజైన్ అయిపోయినట్టే. చాకు తెరిచి ఉన్నప్పుడు కీలుకు ఎంత కింద ఉన్న బిందువైనా, మడిచినప్పుడు కీలుకు అంతే పైకి వెళ్తుంది. వాదర కీలుకు 15 మి.మీ. కింద ఉందనుకోండి. మడిచాక అది పిడి లోపల కీలుకు 15 మి.మీ. పైన ఉంటుంది. దానిపైన 2 మి.మీ. ఖాళీ, ఆపైన పిడి రెండు పక్కల రేకులను కలిపే మధ్యబద్దకు 3 మి.మీ. వేసుకుంటే, కీలు నుంచి పిడి పైఅంచుకు 20 మి.మీ. కావాలి. పిడి ఎత్తు 28 అనుకున్నాం. అంటే కీలు కింద మిగిలేది 8 మాత్రమే.

దీన్నిబట్టి కీలును పిడి నడుమ పెట్టకూడదని తేలుతోంది. మామూలు చాకుల్లో కీలు దాదాపు నడుమే ఉంటుంది, చూడ్డానికి అందంగానూ ఉంటుంది. వంట చాకుకు మాత్రం కీలును కిందికి దించాలి. నడుమ పెడితే పైన 14, వాదర దిగగలిగేది 9. అప్పుడు వాదర కన్నా పిడి కింది అంచే కిందికి వస్తుంది! కిందికి దించితే వాదర 15 దిగుతుంది, పిడి కింది అంచు 8 దగ్గర ఆగుతుంది. 7 మి.మీ. చోటు సంపాదించినట్టే.

కావలసింది 17, వచ్చింది 7. మిగిలిన పది ఎక్కడి నుంచి వస్తుంది? చాకును పూర్తిగా 180 డిగ్రీలు తెరవనివ్వకండి. 170 దగ్గర ఆపండి. వాదర పలక మీద చదునుగా ఆనినప్పుడు పిడి వెనక్కి వెళ్లేకొద్దీ పది డిగ్రీల వాలుతో పైకి లేస్తుంది. కీలుకు 30 మి.మీ. వెనకున్న మధ్యవేలి దగ్గర 5 మి.మీ., 50 దగ్గర 9, చిటికెనవేలు ఉండే 70 దగ్గర 12 మి.మీ. లాభం. మధ్యవేలి దగ్గర కాస్త తక్కువే పడింది. అక్కడ పిడి కింది అంచును 5 మి.మీ. లోపలికి చెక్కాను, సరిపోయింది. తెరిచిన చాకు కొంచెం తలవంచినట్టు కనిపిస్తుంది. చూసినవాళ్లు వంగిపోయిందా అని అడుగుతారు. అడగనివ్వండి.

పొడవు లెక్క తేలిక. కీలు నుంచి వాదర మొదలయ్యే మడమ దాకా 12 మి.మీ., అక్కడి నుంచి మొన దాకా 90. మొత్తం 102. పిడిలో కీలు ముందు 10, వెనక 110. మొనకు వెనక 8 మి.మీ. ఖాళీ మిగులుతుంది. ఆ 12ను ఇంకా తగ్గించాలని ప్రయత్నించండి. కీలుకూ మడమకూ మధ్యనున్న పదునులేని చోటు ఎంత పెరిగితే చేతికీ వాదరకూ మధ్య దూరం అంత పెరుగుతుంది, బలం అంత తగ్గుతుంది. మడమ దగ్గర చిన్న గాటు పెట్టడం మరవకండి. అది లేకపోతే సానరాయి చివరిదాకా అందక, కొన్నేళ్లకు మడమ దగ్గర బొడిపె మిగిలిపోతుంది. ఆ బొడిపె పలకకు ఆని, పక్కనున్న పదును కొత్తిమీరను తాకను కూడా తాకదు.

వాదర గీత చాలావరకు తిన్నగా, చివరి మూడో వంతులో మాత్రం సన్నగా పైకి లేవాలి. బాగా వంపు తిరిగితే తరిగిన బీన్స్ ముక్కలు దండలా కలిసే ఉంటాయి. మొనను వెన్ను నుంచి కిందికి దించి, కీలుకు 8 మి.మీ. కింద ఉండేలా గీయండి. టమాటా తొడిమ తీయడానికి, వంకాయ ముచ్చిక కోయడానికి అది చాలు.

ఇప్పుడు అట్ట రేకును పిన్ను మీద నెమ్మదిగా తిప్పండి. మడిచినప్పుడు వాదర ఎక్కడైనా పిడి అంచు దాటి బయటికి తొంగిచూస్తోందా? మొన మధ్యబద్దను గీరుతోందా? నేను నాలుగు అట్టలు పారేశాను. ఐదోది కుదిరింది.

మందం

క్యారెట్ చీలడానికి కారణం పదును కాదు, పదును వెనక ఉన్న లోహం. నా పాత చాకు వెన్ను మందం 3 మి.మీ. రేకు వెడల్పులో కింది సగం, అంటే 12 మి.మీ. మాత్రమే సన్నబడుతుంది. వాదర వెనక మందం 0.6 మి.మీ. అంటే వాదరకు 5 మి.మీ. పైకి వెళ్లేసరికి మందం 1.6 మి.మీ. అవుతుంది. క్యారెట్ సాగదు, పక్కకు తప్పుకోదు. ఆ 1.6 మి.మీ. ఇనుము లోపలికి దూరితే రెండుగా విడిపోవడం తప్ప దానికి వేరే దారి లేదు.

కొత్త డిజైన్‌లో వెన్ను 1.8 మి.మీ. వెన్ను నుంచి వాదర దాకా 24 మి.మీ. వెడల్పూ ఒకే వాలుతో సన్నబడుతుంది. వాదర వెనక 0.25. ఇప్పుడు 5 మి.మీ. పైన మందం 0.6 లోపే. పాతదానిలో దాదాపు మూడో వంతు. రెండు చాకులకూ ఒకే రాయి మీద ఒకే కోణంలో సాన పట్టినా క్యారెట్‌కు తేడా తెలుస్తుంది. వెన్ను కూడా మొన వైపు పోయేకొద్దీ సన్నబడి, మొనకు కాస్త ముందు 1 మి.మీ. దగ్గరికి రావాలి. ఉల్లిపాయను అడ్డంగా కోసేటప్పుడు ఈ సన్నదనమే పనికొస్తుంది.

అంత పలుచన అయితే విరగదా? మొనతో డబ్బా మూత పెకిలిస్తే విరుగుతుంది. రెండో జాబితా రాసింది అందుకే.

ఉక్కు

ఉక్కు దగ్గర చాకుల ప్రియులు రోజుల తరబడి వాదించుకుంటారు. నా మట్టుకు ఈ చాకు విషయంలో ఉక్కు మూడో స్థానంలో ఉంటుంది. చింతపండు, నిమ్మ, పచ్చిమామిడి తగిలే కత్తి కాబట్టి, పైగా కీలు సందుల్లో తడి నిలిచే కత్తి కాబట్టి, తుప్పు పట్టని ఉక్కే మేలు. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ క్రోమియం ఉక్కు పోత పోసినప్పటి నుంచి ఈ సౌకర్యం ఉంది. 12సి27, 14సి28ఎన్ అనే స్వీడన్ రకాలు ఈ పనికి చక్కగా సరిపోతాయి. వీటిలో కర్బనం 0.6 శాతం, క్రోమియం 13, 14 శాతం దరిదాపుల్లో ఉంటుంది. గట్టి రేణువులు తక్కువ కాబట్టి పలుచని అంచు పొడిపొడిగా రాలదు, మామూలు సానరాయికి లొంగుతుంది. 440సి కూడా పనికొస్తుంది, సాన పట్టడానికి కొంచెం మొండి.

లారీ కమాను పట్టీతో చేయమని కమ్మరి చెప్పవచ్చు. కొడవళ్లకు, వేటకత్తులకు అది మంచి ఉక్కు. కానీ అంత మందం పట్టీని 1.8కి దించడం శ్రమ, పైగా మామిడికాయ తగిలితే నల్లబడి ముక్కలకు ఇనుము రుచి అంటుతుంది. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి చేసిన ఉక్కు పర్షియా దాకా వెళ్లిందన్న గర్వం నాకూ ఉంది. ఆ ఉక్కు కూడా నిమ్మరసానికి తుప్పు పడుతుంది.

గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 58 నుంచి 60. తుప్పు పట్టని రకాలను 1,050 డిగ్రీల పైన నిర్ణీత సమయం ఉంచి చల్లార్చాలి. బొగ్గుల కొలిమి దగ్గర రంగు చూసి చేసే పని కాదు. హైదరాబాద్ బాలానగర్, జీడిమెట్ల లాంటి చోట్ల అచ్చులు, పనిముట్లు గట్టిపరిచే హీట్ ట్రీట్‌మెంట్ షాపులు ఉంటాయి. ఒక్క రేకు కోసం కొలిమి వెలిగించరు. వాళ్ల తర్వాతి విడతలో కలపమని అడగండి, ఉక్కు రకం పేరు కాగితం మీద రాసి ఇవ్వండి.

లాకు కావాలా?

పలక మీద తరుగుతున్నప్పుడు బలం ఎటు పడుతుందో ఆలోచించండి. వాదరను కిందికి నొక్కితే రేకు ఇంకా తెరుచుకోవాలని చూస్తుంది, మూసుకోవాలని కాదు. కాబట్టి గట్టిగా ఉండాల్సింది తెరిచినప్పుడు రేకును ఆపే అడ్డు. మూసుకునే ప్రమాదం రెండు సందర్భాల్లోనే ఉంది: మొన దేనిలోనో ఇరుక్కుని వెనక్కి లాగినప్పుడు, సబ్బు చేత్తో వెన్ను మీద రుద్ది కడిగేటప్పుడు.

వెన్ను వెంట పొడవాటి స్ప్రింగు ఉండే చాకుల్లో ఆ స్ప్రింగు కింద చీకటి కాలువ ఒకటి ఉంటుంది. పిండి, రసం అందులోకి వెళ్తాయి, బ్రష్షు వెళ్లదు. పక్క రేకు లోపలికి వంగి ఆపే లాకు కొంత నయం, కానీ ఆ రేకుకూ పిడి చెక్కకూ మధ్య వెంట్రుకంత సందు. ఉంగరం లాకు శుభ్రతకు మంచిదే, కాకపోతే గుండ్రని పిడి కావాలి, మన దించిన కీలుకు కుదరదు.

అందుకే తోక. రేకుకు కీలు వెనక 38 మి.మీ. పొడవున తోక వదలండి. చాకు తెరిచినప్పుడు అది పిడి పైభాగాన, రెండు పక్క రేకుల నడుమ దిగి, మధ్యబద్ద ముందు చివర మీద ఆగాలి. మధ్యబద్ద కీలుకు 35 మి.మీ. వెనక మొదలవుతుంది. కీలుకు అంత దూరాన ఆనడం వల్ల అడ్డు మీద ఒత్తిడి తక్కువ. చాకు పట్టుకోగానే అరచేయి తోక మీద పడి, చాకు మూసుకోకుండా దానంతట అదే పట్టి ఉంచుతుంది. 170 డిగ్రీల కోణాన్ని కూడా ఈ తోక చివరను ఆకురాయితో అరగదీసి సరిచేసుకోవచ్చు, కొంచెం కొంచెంగా. ఎక్కువ అరిగితే తిరిగి రాదు.

మడిచినప్పుడు వాదర మధ్యబద్దకు తగలకుండా ఆపడానికి కీలు దగ్గర ఇంకో చిన్న చీల కావాలి. రేకు మొదట్లోని పదునులేని భాగం దానిమీద ఆగుతుంది. దాని చోటు అట్టముక్క మీద వెతకండి.

బ్రిటన్‌లో ఉండే తెలుగువారికి ఒక మాట. అక్కడ కారణం చెప్పకుండా వెంట ఉంచుకోదగ్గది లాకు లేని, వాదర 3 అంగుళాలు మించని మడతచాకు. తోక డిజైన్‌కు లాకు లేదు కాబట్టి వాదరను 75 మి.మీ.కి తగ్గించి గీసుకుంటే సరి.

కీలు, పిడి

కీలుకు 5 మి.మీ. గొట్టం స్క్రూ. దాని తల మీద గాడిని రూపాయి నాణెం దూరేంత వెడల్పుగా కోయించండి. ఈ చాకులో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. సింకు పక్కన నిలబడి, పర్సులోంచి నాణెం తీసి, అర నిమిషంలో విప్పి కడిగేయవచ్చు. ప్రత్యేకమైన స్క్రూడ్రైవర్ కావలసిన చాకును ఎవరూ విప్పరు.

రేకుకు రెండు వైపులా 0.5 మి.మీ. ఫాస్ఫర్ బ్రాంజ్ వాషర్లు. వ్యాసం 14 మి.మీ. ఉండాలి, ఎందుకంటే రేకు పలుచనిది కాబట్టి చిన్న వాషర్ మీద పక్కలకు ఊగుతుంది. బాల్ బేరింగులు వద్దు. చాకు జారుడుగా తెరుచుకుంటుంది నిజమే, కానీ ఆ గుళ్ల మధ్య ఆవగింజ ఇరుక్కుంటే చెప్పలేని చిరాకు.

1.8 రేకు, రెండు వాషర్లు కలిసి 2.8 మి.మీ. మధ్యబద్ద మందం కచ్చితంగా ఇంతే ఉండాలి. తక్కువైతే స్క్రూ బిగించగానే పిడి రేకును పట్టేస్తుంది, ఎక్కువైతే రేకు లొడలొడలాడుతుంది. పక్క రేకులు 1.5 మి.మీ. 304 స్టెయిన్‌లెస్, వాటి మీద 4 మి.మీ. పిడి పలకలు. మొత్తం మందం 13.8. మొదట చేయించిన చెక్క బద్ద మందం గుర్తుందా?

పిడి పలకలకు జి10 లాంటి గాజునార పలక తడికి ఉబ్బదు. చెక్కే కావాలంటే టేకు లేదా నల్లతుమ్మ. నాగలి, బండి పనులకు వాడిన తుమ్మ మన్నిక వేరే చెప్పనక్కర్లేదు. రక్తచందనం ముక్క ఎవరైనా ఇస్తామన్నా తీసుకోకండి, కేసుల్లో ఇరుక్కుంటారు. చెక్కకు పచ్చి అవిసెనూనె పలుచగా రాసి, తుడిచి, ఎండనివ్వాలి. వారం వారం ఎడంతో మూడు సార్లు. అది గాలికి గట్టిపడుతుంది. కొబ్బరినూనె ఎప్పటికీ ఎండదు.

చేసే వరుస

అట్ట నమూనాను ఉక్కు మీద అతికించి గీయండి. కీలు రంధ్రం ముందు వేయాలి, ఆకారం తర్వాత కోయాలి. రంధ్రం ఒక వెంట్రుక పక్కకు పోయినా ఆకారాన్ని సర్దుకోవచ్చు, తిరగేసి చేస్తే సర్దుకోలేరు. రెండు పక్క రేకులను కలిపి బిగించి ఒకేసారి రంధ్రాలు వేయించండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఏ లేత్ షాపువాళ్లయినా చేసిపెడతారు. 5 మి.మీ. డ్రిల్లుతో నేరుగా కాకుండా, 4.8తో వేసి, రంధ్రాన్ని నునుపుగా పెద్దది చేసే రీమరుతో 5కి తెమ్మని చెప్పండి.

గట్టిపరచక ముందు రేకును కొంతే సన్నం చేయాలి. వాదర దగ్గర 0.5 మి.మీ. మిగల్చండి. అంతకన్నా పలుచగా చేసి పంపిస్తే వంకర తిరిగి వస్తుంది. నాది ఒకటి అరటాకులా మెలి తిరిగి వచ్చింది, షాపువాళ్ల తప్పేమీ లేదు. తిరిగొచ్చాక మిగతా సన్నం చేయడం. చేతికి గ్లౌజు లేకుండా పట్టుకోండి, పక్కన నీళ్ల బకెట్టు. వేలికి వేడి తగలగానే ముంచాలి. అంచు మీద గడ్డి రంగు, నీలం కనబడితే ఆ చోట గట్టిదనం పోయినట్టే.

వెన్ను అంచులను, తోక అంచులను గరుకు కాగితంతో గుండ్రంగా చేయండి. అరగంట ఉల్లిపాయలు తరిగితే చూపుడువేలి మీద ఎర్రటి గీత పడేది ఈ పని వదిలేసినప్పుడే.

సాన కోణం ఒక్కో వైపు 15 డిగ్రీలు. 24 మి.మీ. వెడల్పు రేకుకు వెన్ను రాయి మీద నుంచి 6 మి.మీ. ఎత్తులో ఉంటే ఆ కోణం వస్తుంది. ముందు 1000 గరుకు రాయి, తర్వాత 3000. టమాటా తొక్క కోసం నేను 3000తో ఆపేస్తాను. ఇంకా నునుపు చేస్తే కాగితం అద్భుతంగా తెగుతుంది, టమాటా మీద మాత్రం జారుతుంది.

పరీక్ష

మొదట క్యారెట్. శబ్దం లేకుండా కిందిదాకా దిగాలి. తర్వాత ఉల్లిపాయ సగం చెక్కను పలక మీద పెట్టి నిలువు గాట్లు, అడ్డ గాట్లు పెట్టి తరగండి. కణుపులు పలకకు తగిలాయా? తగిలితే పిడి కింద ఎక్కడ చెక్కాలో చాక్‌పీసు చెబుతుంది: పలకకు సుద్ద రుద్ది తరిగితే కణుపుల మీద తెల్లగా అంటుతుంది. మూడో పరీక్ష గోధుమపిండి. తడి పిండి ముద్దను కావాలని కీలులోకి నొక్కి, కుళాయి కింద పెట్టండి. విప్పకుండా ఎంత పోయిందో, ఎక్కడ మిగిలిందో చూడండి. మిగిలిన చోట పక్క రేకుకు రంధ్రం వేయవచ్చు. నా చాకుకు ఇలా రెండు రంధ్రాలు వచ్చాయి. చూసినవాళ్లు అలంకారం అనుకుంటారు.

చివరగా మూసిన చాకును తలకిందులుగా పట్టి గట్టిగా విదిలించండి. రేకు బయటికి రాకూడదు. వస్తే స్క్రూ పావు వంతు బిగించండి. అయినా తోక ముందుకు పొడుచుకుని ఉంటుంది కాబట్టి జేబులో నేరుగా వేయకుండా గుడ్డ సంచిలో పెట్టుకోవడం మంచిది.

వాడకం

కోసిన వెంటనే కడిగి, తెరిచి ఆరబెట్టాలి. తడిగా మడిస్తే ఎంత మంచి ఉక్కయినా వాషర్ల కింద మచ్చలు పడతాయి. పచ్చిమాంసం కోశాక నాణెం తీసి విప్పి కడగండి, ఆ పూటకు బద్ధకం వద్దు. కీలుకు ఆహారానికి వాడదగ్గ మినరల్ నూనె ఒక్క చుక్క. కుట్టుమిషను నూనె కూరలోకి రాకూడదు, నువ్వుల నూనె కొన్నాళ్లకు జిగటపడి చాకును బిగదీస్తుంది.

విమానంలో చేతిసంచిలో పెట్టుకుంటే తనిఖీ దగ్గర వదులుకోవాలి. చెక్-ఇన్ సామానులో వేయండి. ప్రయాణంలో పదును తగ్గితే రాయి కోసం వెతకనక్కర్లేదు. పింగాణీ కప్పును బోర్లించండి. అడుగున గరుకుగా, మెరుపు పూత లేని వలయం ఉంటుంది. వాదరను దానిమీద అదే 6 మి.మీ. వాలుతో ఒక్కో వైపు పదిసార్లు తేలిగ్గా లాగి, ఆ బూడిదరంగు గీతలను తుడిచేసి కప్పును తిరిగి బల్ల మీద పెట్టండి.